భర్తచాటు, భార్య చేతి తాళాలు: 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఇంటి పాలన

'కుటుంబం' అన్న మాట నేటి తెలుగులో రక్తసంబంధాన్నీ వివాహసంబంధాన్నీ సూచిస్తుందే తప్ప, అదే ఇంట్లో తిని అదే ఇంట్లో పడుకునే జీతగాణ్ణి ఎవరూ కుటుంబంలో లెక్కించరు. 16, 17వ శతాబ్దాల ఇంగ్లండులో 'ఫ్యామిలీ' అన్న మాటకు పరిధి ఇంతకంటే పెద్దది: ఇంటి యజమాని, ఆయన భార్య, పిల్లలు, ఏడాది జీతానికి కుదిరిన పనివాళ్ళు, వృత్తి నేర్చుకోవడానికి వచ్చి చేరిన అప్రెంటిసులు, ఇలా ఒక యజమాని మాటకు లోబడి ఒకే పొయ్యి మీద వండింది తినే వాళ్ళందరూ ఫ్యామిలీ కిందికే వచ్చేవారు. ఆ మాటకు ఆయువుపట్టు చుట్టరికం కాదు, అధికారం. చరిత్రకారులు తొలి ఆధునిక యుగమని పిలిచే కాలంలో, అంటే స్థూలంగా 1500కూ 1750కీ మధ్య, స్త్రీపురుషుల పాత్రలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ముందుగా ఈ అర్థభేదాన్ని పట్టుకోవాలి. ఎందుకంటే ఆనాటి ఇల్లు కాపురం చేసే చోటు మాత్రమే కాక పని జరిగే చోటు, సరుకు తయారయ్యే చోటు, ప్రార్థన జరిగే చోటు, శిక్ష పడే చోటు కూడా.

పాత దస్తావేజుల్లో రాజుల వంశావళి కంటే ముందు వంటింటి సామాను జాబితా చదవమని విద్యార్థులకు చెబుతూ వచ్చిన ఒక చరిత్రాచార్యుల స్మృతిలో ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి ఆ ఇంటి పాలనే విషయం. ఇక్కడ నిలబెట్టదలచిన ప్రతిపాదన ఒక్కటే: భార్య భర్తకు లోబడి ఉండాలని ఆ కాలం అంత గట్టిగా, అన్నిసార్లు చెప్పుకోవలసి రావడానికి కారణం, భార్య చేతికి అధికారం ఇవ్వకుండా ఏ ఇల్లూ ఒక్క రోజు కూడా నడవకపోవడమే.

ముందు ఇంటి పరిమాణం సంగతి. కేంబ్రిడ్జిలో 1964లో ఏర్పడిన జనాభా చరిత్ర బృందంలో ముఖ్యుడైన పీటర్ లాస్లెట్, 1574 నుంచి 1821 వరకు 100 ఊళ్ళ జనాభా జాబితాలను లెక్క కట్టి, ఇంటికి సగటున 4.75 మంది ఉండేవారని తేల్చాడు. పాతకాలపు ఇల్లంటే తాతలు, పెదనాన్నలు, మనవలతో కిటకిటలాడే ఉమ్మడి ఇల్లని అనుకునే వాళ్ళకు ఈ అంకె ఆశ్చర్యం కలిగించింది. దానికి తోడు పెళ్ళి వయసు: 17వ శతాబ్దంలో స్త్రీలకు తొలి వివాహం సగటున 26వ ఏట, పురుషులకు 27, 28 ఏళ్ళ ప్రాంతంలో జరిగేది, జనాభాలో గణనీయమైన భాగం అసలు పెళ్ళే చేసుకునేది కాదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఇటలీ తీరంలోని ట్రియెస్ట్ దాకా గీసిన గీతకు పడమటనున్న దేశాలన్నిటిలో ఇదే ధోరణి కనిపిస్తుందని జాన్ హాజ్నల్ 1965లో చూపించాడు. 15 నుంచి 24 ఏళ్ళ వయసున్న వాళ్ళలో దాదాపు 60 శాతం పరాయి ఇళ్ళలో జీతానికి ఉండేవారని ఆన్ కుస్మాల్ అంచనా. ఈ మూడు అంకెలనూ కలిపి చదివితే కనబడే పెళ్ళికూతురు, పసితనంలో అత్తవారింట అడుగుపెట్టిన పిల్ల కాదు. పదేళ్ళు పరాయి ఇళ్ళలో పని చేసి, పాలు పితికి, వెన్న తీసి, కొంత జీతం దాచుకుని, అప్పుడే నిలబెట్టిన కొత్త కాపురంలోకి వచ్చిన మనిషి. అత్తగారు లేని కాపురం అనుకుంటే తెలుగు పాఠకులకు ఇందులోని తేడా వెంటనే బోధపడుతుంది. ఆ ఇంట్లో కోడలిని అదుపులో పెట్టే పెద్ద ఆడది లేదు గనుక, భార్యను అదుపులో పెట్టే భారమంతా భర్త మీద, పాదిరి మీద, పొరుగువాళ్ళ మీద పడింది.

ఆ భారాన్ని సిద్ధాంతంగా మలిచిన వాళ్ళలో ప్రముఖుడు లండన్ బ్లాక్‌ఫ్రయర్స్ పేట చర్చిలో బోధకుడైన విలియం గౌజ్. 1622లో ఆయన అచ్చువేయించిన గృహధర్మాల గ్రంథం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, యజమానులు, పనివాళ్ళు ఒకరిపట్ల ఒకరు ఎలా నడుచుకోవాలో ఎనిమిది ప్రకరణాల్లో విధిస్తుంది. ఇల్లు చిన్న చర్చి, చిన్న రాజ్యం, మనిషి పాలించడమూ లోబడడమూ నేర్చుకునే తొలి పాఠశాల అన్నది ఆయన మూలసూత్రం. ఇది గౌజ్ సొంతంగా కనిపెట్టిందేమీ కాదు. 1563లో ప్రభుత్వ ఆమోదంతో వెలువడి చర్చిల్లో చదివించిన ప్రసంగాల సంపుటంలోనే దాంపత్యంపై ఒక ప్రసంగం ఉంది. అది భార్యకు విధేయత బోధిస్తూనే భర్త చెయ్యి చేసుకోకూడదని కూడా హెచ్చరిస్తుంది. ఇంటినీ రాజ్యాన్నీ ఒకే తక్కెడలో తూచడం ఉపమానంతో ఆగలేదు. 1351 నాటి రాజద్రోహ చట్టం ప్రకారం భర్తను చంపిన భార్య, యజమానిని చంపిన సేవకుడు మామూలు హంతకులు కారు, పెటీ ట్రీజన్ అనే నేరానికి, అంటే చిన్నపాటి రాజద్రోహానికి పాల్పడినవాళ్ళు. ఆ నేరం రుజువైన స్త్రీకి పడే శిక్ష సజీవదహనం. భార్యను చంపిన భర్తది మాత్రం మామూలు హత్య, దానికి ఉరి. ఆడవాళ్ళను కాల్చే శిక్షను 1790లో రద్దు చేశారు, ఆ నేరానికి విడి పేరు 1828 దాకా చట్టంలో నిలిచే ఉంది.

చట్టం మాట వచ్చింది గనుక ఆస్తి సంగతీ చూడాలి. పెళ్ళయిన స్త్రీని ఇంగ్లీషు న్యాయశాస్త్రం పాత ఫ్రెంచి పలుకుబడిలో 'ఫెమ్ కోవెర్' అనేది. కప్పబడిన స్త్రీ అని దాని అర్థం. ఈ స్థితికే కవర్చర్ అని పేరు. తెలుగులో 'భర్తచాటు ఆడది' అన్న నానుడి దీనికి దాదాపు సరితూగుతుంది, కాకపోతే తెలుగులో అది లోకం మాట, అక్కడది న్యాయస్థానం మాట. ఆ చాటున ఉన్నంతకాలం ఆమె తన పేర ఒప్పందం రాయలేదు, దావా వేయలేదు, వీలునామా రాయాలన్నా భర్త అనుమతి కావాలి. ఆమె తెచ్చుకున్న డబ్బు, నగలు, పశువులు, పరుపులు పెళ్ళిపీటల దగ్గరే భర్తవైపోతాయి. భూమి ఆదాయం భర్త చేతికి వస్తుంది గాని భూమిని అమ్మాలంటే న్యాయాధికారి ఆమెను భర్త లేని చోట విడిగా కూర్చోబెట్టి ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నదా అని అడగాలి. భర్త పోతే భూమిలో మూడోవంతు ఆదాయం బతికినంతకాలం ఆమెకు దక్కుతుంది. దక్షిణాపథంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర (13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసింది దీన్నే) స్త్రీధనమనే విడి ఆస్తిని గుర్తించిందన్న సంగతితో పోల్చి చూస్తే ఇంగ్లండు చట్టం కటువుగానే కనిపిస్తుంది. అక్కడ భార్యకు సొంత ఆస్తి మీద పూర్తి హక్కు దక్కడానికి 1870, 1882 నాటి చట్టాల దాకా ఆగవలసి వచ్చింది. అయితే గ్రంథంలో ధర్మం ఒకటి, ఇంట్లో ఆచరణ ఒకటి కావడం ఇరువైపులా ఉన్నదే. సామాన్యమైన ఇళ్ళవాళ్ళు కూడా పెళ్ళికి ముందు ఒప్పంద పత్రాలు రాయించుకుని భార్య సొత్తును కొంత కాపాడుకునేవారని, చనిపోయినవాళ్ళ ఆస్తి లెక్కలను ఓపికగా తిరగేసి ఏమీ లూయీజ్ ఎరిక్సన్ 1993లో నిరూపించింది.

చట్టమూ ధర్మబోధా ఇంత బిగువుగా ఉన్నచోట, బోధ విన్న ఆడవాళ్ళు తలవంచుకుని ఇంటికి వెళ్ళారా అన్నది అసలు ప్రశ్న. వెళ్ళలేదనడానికి సాక్ష్యం గౌజ్ పుస్తకంలోనే, తన చర్చి సభ్యులకు ఆయన రాసుకున్న అంకితంలో ఉంది. భార్య విధేయతను వివరిస్తూ, ఇంటి ఉమ్మడి వస్తువులను భర్త సమ్మతి లేకుండా ఆమె ఎవరికీ ఇవ్వకూడదని ఆయన వేదిక మీది నుంచి చెప్పినప్పుడు పెద్ద అభ్యంతరం లేచిందట. దానికి ఆయన ఇచ్చుకున్న సంజాయిషీ చదవదగ్గది: తాను చెప్పింది భార్య ఎంతవరకు లోబడాలన్న గరిష్ఠ హద్దు మాత్రమేనని, ఆ హద్దు దాకా భర్త పట్టుబట్టాలని కాదని, భర్తల బాధ్యతలు కూడా తాను అంతే వివరంగా చెప్పానని, తాను స్త్రీద్వేషిని కానని. విధేయత అన్న సూత్రాన్ని ఆ పేట ఆడవాళ్ళు కాదనలేదు. దాన్ని బియ్యపు డబ్బా దాకా లాగినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకంటే వ్యాపారుల, చేతివృత్తుల వాళ్ళ పేటలో ఇంటి వస్తువంటే ప్రతిరోజూ ఆమె చేతి మీదుగా వచ్చేది, పోయేది, అరువిచ్చేది, బిచ్చమేసేది. అడుగడుగునా భర్తనడిగి చేయాలంటే భర్తకు అంగడి నడపడం కుదరదు. పుస్తకం రాసిన గౌజ్‌కు 13 మంది సంతానం. అంత ఇంటిని ఆయన ప్రతి చెంచాకూ అనుమతిస్తూ నడిపాడని ఎవరూ నమ్మలేరు.

ఇల్లాలి చేతిలో ఏముండేదో తెలుసుకోవడానికి గర్వాస్ మార్కమ్ 1615లో వెలువరించిన 'ఇంగ్లీషు ఇల్లాలు' అన్న పుస్తకం చాలు. వంట అందులో ఒక భాగం మాత్రమే. ఇంటిల్లిపాదికీ మందులు నూరడం, ద్రవాలను బట్టీపెట్టి అర్కాలు తీయడం, ఉన్ని, జనుము, అవిసెనార వడకడం, రంగులద్దడం, పాడి చూసుకోవడం, బార్లీని నానబెట్టి మొలకలెత్తించి ఎండబెట్టడం, దాన్ని కాచి మద్యం పులియబెట్టడం, రొట్టె కాల్చడం, ఇదంతా ఆమె పనే. ఇందులో అరవంతు ఈనాటి లెక్కలో పరిశ్రమ. ఆ పుస్తకంలో చాలా భాగం ఒకప్పుడు ఒక కౌంటెస్ దగ్గరున్న రాతప్రతి నుంచి వచ్చిందని పుస్తకమే చెప్పుకోవడంలో చిన్న చమత్కారం ఉంది: ఆడవాళ్ళకు ఏం తెలియాలో మగవాడు చెబుతున్నాడు, అది ఆయనకు తెలిసింది ఒక ఆడమనిషి కాగితాల వల్ల. ఈ పనుల్లో కొన్ని లాభసాటి వ్యాపారాలుగా ఎదగగానే ఆడవాళ్ళ చేతుల్లోంచి జారిపోయాయి. 1300లో ఊరూరా ఇంటి ఆడవాళ్ళే కాచి అమ్మిన ఏల్, అంటే బార్లీ మద్యం, హాప్ పువ్వు కలిపిన నిలవుండే బీరుగా మారి, పెట్టుబడి, పెద్ద కాగులు, దూరపు బజార్లు కావలసి వచ్చేసరికి 1600 నాటికి చాలాచోట్ల మగవాళ్ళ వృత్తి అయిపోయిందని జూడిత్ బెనెట్ వివరించింది. ఆలిస్ క్లార్క్ 1919లోనే ఈ దిశగా వాదించింది గాని, దానికి ముందు ఒక స్వర్ణయుగం ఉండేదన్న ఆమె ఊహను ఇప్పుడు యథాతథంగా ఒప్పుకోవడం కష్టం.

భర్త ఊళ్ళో లేనప్పుడు ఈ అప్పగించిన అధికారం ఎంతదూరం వెళ్ళగలదో బ్రిలియానా హార్లీ ఉదంతం చెబుతుంది. అంతర్యుద్ధంలో భర్త సర్ రాబర్ట్ హార్లీ లండన్‌లో పార్లమెంటు పక్షాన ఉండగా, హియర్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రాంప్టన్ బ్రయన్ కోటను రాజు సేనలు 1643 వేసవిలో చుట్టుముట్టాయి. లొంగిపొమ్మని వచ్చిన కబురుకు ఆమె పంపిన జవాబు సారాంశం ఇది: ఇంటినీ పిల్లలనూ తన భర్త తనకు అప్పగించి వెళ్ళాడు, కనుక ఆయన ఇష్టం తెలియకుండా ఆయన ఇంటిని ఎవరికీ ఇచ్చే హక్కు తనకు లేదు. ఏ సూత్రాన్ని బ్లాక్‌ఫ్రయర్స్ ఆడవాళ్ళు అడ్డుకున్నారో అదే సూత్రాన్ని ఈమె ఫిరంగుల ముందు డాలుగా పట్టుకుంది. ఏడు వారాలు కోట నిలిచింది; ముట్టడి ఎత్తివేసిన తర్వాత ఆ అక్టోబరులోనే ఆమె జబ్బుపడి చనిపోయింది. విధేయత అన్న మాటతో ఎదురుతిరగడం కూడా సాధ్యమేనని దీన్ని బట్టి తెలుస్తుంది. రాజ్యాధికారమంతా తండ్రి అధికారం నుంచే పుట్టిందని 'పేట్రియార్కా'లో వాదించిన రాబర్ట్ ఫిల్మర్ సైతం అదే యుద్ధకాలంలో చెరలో ఉండవలసి వచ్చి, ఆ రోజుల్లో భార్య ఆన్ మీద ఆధారపడ్డాడు. ఆయన రాతప్రతుల్లో ఉత్తమ ఇల్లాలిని మెచ్చుకునే వ్యాసం ఒకటి ఉండడం అందువల్లనేనని చెప్పలేం గాని, ఆ వ్యాసాన్ని వదిలేసి 1680లో అచ్చయిన గ్రంథాన్నే చదివేవాళ్ళకు ఫిల్మర్ సగమే దొరుకుతాడు.

అప్పగించిన అధికారం హద్దు మీరిందని ఊరు భావిస్తే ఏమయ్యేదో సోమర్సెట్ జిల్లాలోని మాంటక్యూట్ భవనపు హాలు గోడ మీద చూడవచ్చు. 1601 ప్రాంతంలో పూర్తయిన ఆ భవనం, తర్వాత కామన్స్ సభకు స్పీకర్ అయిన ఎడ్వర్డ్ ఫెలిప్స్ అనే న్యాయవాదిది. గచ్చుతో ఎత్తుగా పోసిన ఆ బొమ్మలో పసిబిడ్డను చూసుకోవలసిన భర్త పీపాలోంచి మద్యం వంపుకుంటున్నాడు, భార్య వెనకనుంచి చెప్పెత్తి తలమీద కొడుతున్నది, పొరుగువాడు చూస్తున్నాడు. పక్క దృశ్యంలో ఊరివాళ్ళు ఒక మగవాణ్ణి పొడుగాటి కర్రమీద ఎక్కించి భుజాన వేసుకుని ఊరేగిస్తున్నారు. దీన్నే స్కిమ్మింగ్టన్ అనేవారు. తెలుగునాట గాడిదనెక్కించి ఊరేగించడం తెలిసిన వాళ్ళకు దీని రుచి వేరుగా చెప్పనక్కర్లేదు. తేడా ఏమిటంటే స్కిమ్మింగ్టన్‌లో ఎగతాళి కొట్టిన భార్యకు ఎంతో, దెబ్బలు తిన్న భర్తకూ అంతే.

గోడ మీద బొమ్మ నవ్విస్తుంది. విల్ట్‌షైర్‌లో కాన్ పట్టణం పక్కనున్న క్వెమర్‌ఫర్డ్‌లో 1618 మే నెలలో జరిగింది చదివితే నవ్వు రాదు. థామస్ మిల్స్ అనే కత్తుల తయారీదారు ఇంటి ముందుకు మూడు నాలుగు వందల మంది, కొందరు తుపాకులతో, తప్పెట మోగిస్తూ వచ్చారని ఆ దంపతుల వాంగ్మూలం. గుంపు నడుమ గుర్రం మీద ఒకడు: నెత్తిన తెల్లటి నిద్రటోపీ, చెవులకు వేలాడుతూ బూట్లు తొడుక్కునే కొమ్ముబిళ్ళలు రెండు, జింకతోకతో చేసిన గడ్డం, బట్టల మీద ఆడవాళ్ళ లోచొక్కా. కొమ్ములు భార్య అదుపు తప్పిన భర్తకు గుర్తు. గుంపు రాళ్ళతో కిటికీలు పగలగొట్టి, తలుపు విరగ్గొట్టి, భార్య ఆగ్నెస్‌ను బయటికి ఈడ్చి, నీళ్ళగుంటలో పడేసి తొక్కి, ఒళ్ళంతా బురద పూసింది. ఆమెను కాన్‌కు తీసుకెళ్ళి నీళ్ళలో ముంచే కుర్చీకి కట్టాలన్నది ఉద్దేశం. ఇటువంటి ఘటనలు పాడి ప్రాంతాల్లో ఎక్కువని, వెన్న, జున్ను అమ్మి ఆడవాళ్ళు సంపాదించే చోట మగవాళ్ళ భయం కూడా ఎక్కువని డేవిడ్ అండర్‌డౌన్ 1985లో వాదించి, 1560-1640 మధ్య స్త్రీపురుష సంబంధాల్లో సంక్షోభం వచ్చిందన్నాడు. మార్టిన్ ఇంగ్రమ్ ఆధారాలు అంత బరువు మోయలేవని ఖండించాడు. పాడికీ పరిహాసానికీ ముడిపెట్టిన మొదటి భాగం ఆకర్షణీయమే అయినా మిగిలిన ఉదాహరణలు కొద్ది. సంక్షోభమని పేరు పెట్టడానికి ఇంగ్రమ్ ఒప్పుకోకపోవడమే సమంజసం. పైగా సంక్షోభమంటే వచ్చి పోయేది. ఇంటి పాలనలోని ఈ ఇరకాటం వచ్చిందీ కాదు, పోయిందీ కాదు.

ఏ ఇంటి కిందికీ రాని ఆడవాళ్ళ గతి ఇంకోరకం. 1563 నాటి కూలీల చట్టం 12 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసున్న అవివాహితలను పనిలో చేరమని ఆదేశించే అధికారాన్ని, కాదంటే ఖైదు చేసే అధికారాన్ని స్థానికాధికారులకిచ్చింది. సొంత గదిలో ఉంటూ సొంత చేత్తో వడికి బతికే ఒంటరి స్త్రీ పట్టణాధికారుల కంటికి యజమాని లేని పశువులా కనబడేది. విధవకు మాత్రం న్యాయశాస్త్రం మళ్ళీ సొంత మనిషి హోదా ఇచ్చింది. భర్త పేర అంగడి నడిపిన విధవలు, అచ్చుకూటాలు నడిపిన విధవలు ఆ కాలపు లండన్‌లో అరుదు కాదు.

1688 తర్వాత రాజు నిరంకుశాధికారాన్ని పార్లమెంటు కాదన్నాక, ఇంటి సంగతేమిటన్న ప్రశ్న అడిగింది న్యూకాసిల్ బొగ్గు వ్యాపారి కూతురు మేరీ ఆస్టెల్. వివాహంపై 1700లో ఆమె వెలువరించిన పుస్తకానికి 1706లో చేర్చిన పీఠికలో, రాజ్యంలో చెల్లని నిరంకుశత్వం ఇంట్లో ఎలా చెల్లుతుందని నిలదీసింది. ఆమె రాజభక్తురాలు, సనాతన చర్చి పక్షపాతి. రాజుకు ఎదురుతిరిగిన వాళ్ళ తర్కాన్ని వాళ్ళ ఇళ్ళలోకే తిప్పికొట్టడం ఆమె ఎత్తు. దాన్ని సమానత్వ ప్రకటనగా చదవడం తొందరపాటు. పెళ్ళి చేసుకున్నాక లోబడక తప్పదని, అందుకే ఎవరిని చేసుకుంటున్నావో చూసుకోమని ఆమె అసలు సలహా. తాను మాత్రం పెళ్ళి చేసుకోలేదు.

న్యాయస్థానాలు ఇదే ముడిని వేరే పేరుతో విప్పుతూ ఉండేవి. భార్య అంగట్లో అరువు తెచ్చిన పట్టుకూ మఖ్మలుకూ భర్త డబ్బు కట్టాలా వద్దా అన్న మాన్బీ, స్కాట్ వ్యాజ్యం 1663లో తేలింది. ఆమెకు అరువివ్వవద్దని భర్త ముందే చెప్పి ఉన్నాడు గనుక కట్టనక్కర్లేదన్నది తీర్పు. అంటే భర్త నోరు మెదపని లక్ష ఇళ్ళలో భార్య తెచ్చిన అరువు భర్త అరువే.

అదే ఏడాది జనవరి 9న లండన్‌లో నౌకాదళ కార్యాలయపు ఉద్యోగి సామ్యూల్ పెపీస్ ఇంట్లో జరిగిన తగాదాను ఆయనే సంక్షిప్తలిపిలో డైరీలో రాసుకున్నాడు. తోడు లేకుండా ఇంట్లో పడి ఉంటున్నానని భార్య ఎలిజబెత్ గతంలో ఒక ఉత్తరం రాస్తే ఆయన చదవకుండానే కాల్చేశాడు. ఆమె దాని నకలు దాచుకుంది. ఆ రోజు పెట్టె తాళం తెప్పించి, కాగితాల కట్ట విప్పి, నకలు తీసి చదివింది. చదువుతుంటే ఆయనకు కోపం తెప్పించింది ఫిర్యాదు ఒక్కటే కాదు, అది ఇంగ్లీషులో ఉండడం. ఫ్రెంచి తండ్రి కూతురైన ఆమె ఫ్రెంచిలో రాసి ఉంటే వేరు, ఇంగ్లీషు కాగితం ఎవరి చేతిలో పడినా చదవగలరు. చించెయ్యమన్నాడు, ఆమె చించలేదు. లాక్కుని చించాడు; కట్టంతా లాక్కుని ఆమె ఏడుస్తుండగా ఒక్కొక్కటే చించాడు, వాటిలో తాను ఆమెకు రాసిన ప్రేమలేఖలూ ఉన్నాయి. తర్వాత ముక్కలను కాల్చేటప్పుడు పెళ్ళి లైసెన్సునూ, పెళ్ళికి ముందు ఆమె వెంటపడిన రోజుల్లో రాసిన మొట్టమొదటి ఉత్తరాన్నీ పక్కకు తీసి దాచాడు. కొద్ది వారాల్లో ఆమె అడిగిన తోడుమనిషి ఇంట్లోకి వచ్చింది.

ఎలిజబెత్ 1669 నవంబరులో 29 ఏళ్ళకు జ్వరంతో చనిపోయింది. హార్ట్ వీధిలోని సెయింట్ ఓలవ్ చర్చిలో గోడమీద, తాను కూర్చునే నౌకాదళ బెంచీకి ఎదురుగా ఉండేలా, పెపీస్ జాన్ బుష్నెల్ చేత ఆమె పాలరాతి ప్రతిమ పెట్టించాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. తల కొద్దిగా పక్కకు తిరిగి ఉంటుంది, పెదవులు విడివడి ఉంటాయి. ఆమె ఏదో చెబుతున్నట్టే ఉంటుంది.